గౌరీపట్నం క్వారీలో నత్తలు: మన పక్కన అగ్నిపర్వతం ఉండేదా?

గోదారి_గట్టు (ఆదివారం, రాత్రి 9:14)

అందరికీ నమస్కారమండి. మాది కొవ్వూరు దగ్గర పల్లె. ఇల్లు కడుతున్నాం. కంకర కోసం నిన్న గౌరీపట్నం వైపు ఒక క్రషర్‌కి వెళ్ళాను. టిప్పర్ లోడయ్యేదాకా పనేం లేక క్వారీ గట్టు మీద నిలబడి చూస్తే ఒక వింత కనిపించింది. అడుగున నల్లరాయి. దాని మీద తెలుపు, పసుపు కలిసిన సున్నపురాయి పట్టీ, మనిషెత్తు కంటే ఎక్కువే ఉంటది. మళ్ళీ దాని మీద నల్లరాయి. బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టుంది.

కింద పడున్న తెల్లరాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాను. దాన్నిండా గుల్లలు, నత్తలు. ఒక నత్తయితే చిటికెన వేలి గోరంత ఉంది, మరమేకులా మెలి తిరిగి. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది.

అక్కడి మేస్త్రి "ఈ నల్లదంతా లావా అండి, ఇక్కడ అగ్నిపర్వతం ఉండేదంట" అన్నాడు. లావా మధ్యలో నత్తలేంటి? అసలు అగ్నిపర్వతం పక్కన ఇల్లు కడుతున్నానా నేను? తెలిసినవాళ్ళు చెప్పండి, మా ఆవిడ రెండ్రోజుల్నించి ఇదే అడుగుతోంది.

డౌట్ల_దొరబాబు (ఆదివారం, రాత్రి 9:31)

ముందు ఇన్సూరెన్స్ వాళ్ళనడుగు బాబాయ్, లావాకి కవరేజ్ ఉందో లేదో 😀

జోకు పక్కనపెడితే, అవి గోదారి వరదల్లో కొట్టుకొచ్చిన గుల్లలే అయ్యుంటాయి. ఈ లావా కథ నేనూ చిన్నప్పట్నుంచి వింటున్నా. రాజమండ్రి చుట్టుపక్కల ఏ కొండకైనా పైన గొయ్యి ఉందా? పొగ వచ్చిందని ఏ తాతైనా చెప్పాడా? అగ్నిపర్వతం లేనిచోట లావా ఎలా వస్తుంది?

మడ్‌లాగర్ (ఆదివారం, రాత్రి 10:05)

దొరబాబు గారూ, మీరు వెటకారంగా అడిగినా అసలు ప్రశ్న అదేనండి. దాని మీద భూగర్భ శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా కొట్టుకున్నారు.

నేను కృష్ణా గోదావరి బేసిన్‌లో ఆయిల్ బావుల దగ్గర చాలాకాలం పనిచేశాను. డ్రిల్లింగ్ బురదతో పాటు పైకొచ్చే రాతి తునకలు కడిగి, లెన్సు కింద పెట్టి ఇది ఏ పొర అని రాయడం నా పని. మేస్త్రి సగం కరెక్టు. ఆ నల్లరాయి బసాల్టు, అంటే గడ్డకట్టిన లావాయే. ఇటు పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు, ఏరు దాటితే రాజమండ్రి పక్కన కాతేరు, ఇక్కడంతా పైకే కనిపిస్తుంది. పుస్తకాల్లో దీని పేరు రాజమండ్రి ట్రాప్స్. అక్కణ్ణుంచి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ నేలలోకి దిగిపోతుంది. పాలకొల్లు, నరసాపురం వైపు బావుల్లో చాలా లోతున మళ్ళీ అదే నల్లరాయి తగులుతుంది. అక్కడ ఆ పొరల పేరేంటో తెలుసా? రాజోలు ఫార్మేషన్. కోనసీమ వాళ్ళు కొబ్బరికాయలకే కాదు, లావాకి కూడా పేరిచ్చారు.

నత్తలు వరదలో వచ్చినవి కావు. వరద తెచ్చిన గుల్ల ఇసుకలో విడిగా దొరుకుతుంది. ఇది రాయిలో కలిసి రాయైపోయింది, పైగా దాని నెత్తిన ఇంకో లావా పొర కూర్చుంది. మొదటి లావా వచ్చి చల్లారింది. దాని మీదికి సముద్రపు పాయ వచ్చి ఆగింది. అందులో గుల్లలు పుట్టి, పెరిగి, చచ్చి, సున్నపు బురద పేరుకుంది. ఎన్నో వేల ఏళ్ళు గడిచాక రెండో లావా వచ్చి మూతేసింది.

అగ్నిపర్వతం మాత్రం ఇక్కడ లేదు. లావా బయటి నుంచి నడిచొచ్చింది.

డౌట్ల_దొరబాబు (ఆదివారం, రాత్రి 10:11)

నడిచొచ్చిందా? ఎక్కణ్ణుంచి, తణుకు నుంచా?

మడ్‌లాగర్ (ఆదివారం, రాత్రి 10:13)

మహారాష్ట్ర నుంచి. మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల నుంచి. దాదాపు 1000 కిలోమీటర్లు.

డౌట్ల_దొరబాబు (ఆదివారం, రాత్రి 10:14)

పడుకోండి గురువుగారూ, పొద్దుపోయింది.

అనంతగిరి_అన్న (సోమవారం, ఉదయం 6:48)

నవ్వకు దొరబాబన్నా, మా దిక్కు గదే రాయి. వికారాబాద్, జహీరాబాద్ అంత దక్కన్ లావా, అంటే గా మహారాష్ట్ర లావా మీదనే ఉన్నది. పత్తి పండే నల్లరేగడి ఆ రాయి అరిగి అయిందే. అనంతగిరి మీది ఎర్రరాయి గూడ గా లావా ఎండకు వానకు మాగి మాగి అట్లయిందని మా సారు చెప్తుండె. మా ఊర్ల బాయి తవ్వినప్పుడు నేను చూసిన. నల్లరాయి, మళ్ళ ఎర్రమట్టి పొర, మళ్ళ నల్లరాయి. ఎర్రమట్టి అంటే ఒక లావాకు ఇంకో లావాకు నడుమ నేల ఖాళీగ ఉన్న టైము అన్నట్టు.

కాని నాకూ ఒక డౌటు. మా వికారాబాద్ తర్వాత హైదరాబాద్ అంత గ్రానైటే గద, నల్గొండ గూడ గ్రానైటే. నడుమ లావా ఏడపాయె? ఎగిరి దుంకిందా?

సుజాత_ఎమ్మెస్సీ (సోమవారం, ఉదయం 8:20)

అన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. మీ వైపు దక్కన్ అంచుకీ, రాజమండ్రికీ మధ్య దాదాపు 400 కిలోమీటర్ల ఖాళీ ఉంది. "లావా ఇక్కడే నేల పగుళ్ళలోంచి వచ్చింది" అనేవాళ్ళకి పెద్ద ఆధారం ఆ ఖాళీయే. గోదావరి తీరంలో పగుళ్ళకేం కొదవ లేదు కదా అని వాళ్ళ వాదన.

నేను రాళ్ళ అయస్కాంతత్వం మీద పరిశోధన చేస్తున్నాను. అందుకని నా వైపు నుంచి చెప్తాను.

ఒకటి, రుచి. లావా కింద నుంచి పైకొచ్చేటప్పుడు దారిలో భూమి పైపెంకును కొంత కరిగించి కలుపుకుంటుంది. ఎంత కలుపుకుంది, ఏ రాయిని కలుపుకుంది అన్నదాన్ని బట్టి టైటానియం, బేరియం, స్ట్రాన్షియం పాళ్ళు మారిపోతాయి. ఒకే చింతపండు, ఒకే బెల్లమైనా మీ ఇంటి పులుసు, మా ఇంటి పులుసు ఒకటి కావు కదా. పడమటి కనుమల్లో పొరపొరకీ ఈ రుచి వేరు. రాజమండ్రి కింది పొర అక్కడి అంబేనలి అనే పొరతో కలిసింది. పై పొర దాని మీదుండే మహాబలేశ్వరం పొరతో కలిసింది. వరస కూడా తప్పలేదు చూడండి: అక్కడ కిందది ఇక్కడా కిందే, అక్కడ పైది ఇక్కడా పైనే. ఇక్కడే పుట్టిన లావా అయితే అన్ని మూలకాల్లోనూ, అదే వరసలో కలవడం కష్టం.

రెండు, దిక్సూచి. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం రేణువులు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని అలాగే బిగుసుకుపోతాయి. రాజమండ్రి కింది పొరలో ఆ దిశ తిరగబడి ఉంటుంది. ఆ రోజుల్లో దిక్సూచి ఉంటే ముల్లు దక్షిణం చూపించేది. పై పొరలో మామూలుగా ఉంటుంది. పడమటి కనుమల్లోనూ ఇదే. అంబేనలి తిరగబడింది, మహాబలేశ్వరం పొరల్లో పైకెళ్ళేసరికి మామూలైంది. ఇంకో ముచ్చట, ముల్లు వాలు కొలిస్తే అప్పటికి మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉందని కూడా తెలుస్తుంది. మనమింకా ఆసియాకి గుద్దుకోలేదు.

ఆ 400 కిలోమీటర్ల ఖాళీ సంగతి: లావా నేలంతా పరుచుకుని రాలేదు. అప్పటి నదీలోయల్ని పట్టుకుని, తూర్పుకి వాలిన నేల మీద కాలువలో నీళ్ళలా వచ్చింది. సన్నటి పట్టీగా వచ్చింది కాబట్టి 6 కోట్ల ఏళ్ళ పైచిలుకు వానలకి మధ్యలోది కొట్టుకుపోయింది. చివరన సముద్రపు ఒడ్డున వేరే మట్టి కింద పూడుకుపోయింది గనక ఇక్కడిది మిగిలింది. ఈ వివరణ నాకు నచ్చుతుంది గానీ, మధ్యలో ఒక్క ముక్క దొరికితే ఇంకా హాయిగా నిద్రపడుతుంది.

డౌట్ల_దొరబాబు (సోమవారం, ఉదయం 8:57)

సరే మేడమ్, పులుసు ఒప్పుకున్నా. కానీ 1000 కిలోమీటర్లు వచ్చేదాకా లావా చల్లారదా? మా ఇంట్లో టీ హాల్లోంచి వరండాలోకి వచ్చేసరికే చల్లారిపోతోంది.

స్పోకేన్_సత్య (సోమవారం, ఉదయం 11:40)

దీనికి నేను చెప్తా, నేనుండే ఊరే దాని మీదుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నాను. ఇక్కడ కొలంబియా నది లావాలు లోపలి నుంచి బయలుదేరి పసిఫిక్ సముద్రం దాకా వందల కిలోమీటర్లు వెళ్ళాయి. దక్కన్‌తో పోలిస్తే చిన్నవి, వయసులోనూ పిల్లలు, ఓ కోటిన్నర ఏళ్ళు.

కిటుకు మీగడలో ఉంది. పాలు కాచి దించాక పైన మీగడ కడుతుంది చూడండి, దాని కింద పాలు చాలాసేపు నోరు కాలేలా ఉంటాయి. లావా బయటికొచ్చేటప్పుడు 1100 డిగ్రీల పైన ఉంటుంది. పైన తొందరగా పెంకు కడుతుంది. ఆ పెంకు వేడిని బయటికి పోనివ్వదు. కింద కరిగిన లావా గొట్టంలో నీళ్ళలా ముందుకు పోతూ, పెంకును లోపల్నుంచి పూరీలా పైకి ఉబ్బిస్తుంది. పరుగెత్తక్కర్లేదు. రోజుకి మూడు కిలోమీటర్లు నడిచినా ఏడాదిలో 1000 దాటేస్తుంది. కావలసింది వేగం కాదు, వెనకనుంచి ఆగకుండా పోసేవాడు.

పోసేది కూడా మనం బొమ్మల్లో చూసే శంఖువు లాంటి కొండ కాదు. నేల పొడుగ్గా చీలి ఆ చీలిక పొడవునా పొంగుతుంది. మనుషులు కళ్ళారా చూసిన పెద్దవాటిలో ఒకటి ఐస్‌లాండ్‌లో 1783లో మొదలైన లాకీ. ఓ 27 కిలోమీటర్ల చీలిక, ఎనిమిది నెలలు, 14 ఘన కిలోమీటర్లకు పైగా లావా. విషపు పొగకి పశువులు చచ్చి, కరువొచ్చి ఆ దేశంలో ఐదోవంతు జనం పోయారు. దక్కన్‌లో ఒక్కో పొంగు దానికి ఎన్నో రెట్లు ఉండేదని లెక్కలు. అందుకే కొండ మీద గొయ్యి వెతికితే దొరకదు దొరబాబు గారూ.

డౌట్ల_దొరబాబు (సోమవారం, మధ్యాహ్నం 12:02)

మీగడతో పడగొట్టేశారు. ఒప్పుకున్నా.

భద్రాద్రి_శీను (సోమవారం, సాయంత్రం 5:30)

అందరూ పాత లావా గురించి మాట్లాడుతున్నారు, నాది ఇప్పటి భయం. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకి నేను బ్రష్ చేస్తున్నా. గిలక మీదున్న బావి చేద దానంతటదే ఊగింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నాన్న మంచం మీద నుంచి లేవకుండానే "అప్పట్లాగే ఉందిరా" అన్నాడు. ఆయన 1969 ఏప్రిల్‌లో భద్రాచలం భూకంపం చూసినవాడు. అప్పుడు 5.7, ఈసారి ములుగు జిల్లా కేంద్రంగా 5.3 అన్నారు.

మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడినీళ్ళు వస్తాయి, దానితో సింగరేణి వాళ్ళు కరెంటు కూడా తీశారు. మరి కింద లావా ఉన్నట్టేనా? మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "గోదావరి కింద అగ్నిపర్వతం నిద్ర లేస్తోంది" అని పెట్టాడు. ఇంకొకాయన ప్రాజెక్టుల నీళ్ళ వల్ల అంటాడు.

మడ్‌లాగర్ (సోమవారం, రాత్రి 8:44)

శీను గారూ, నిద్ర లేవడానికి అక్కడ ఎవరూ పడుకుని లేరండి. మన దేశంలో నిప్పు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ దగ్గర బ్యారెన్ దీవి. 1991లో లేచింది, తర్వాత అప్పుడప్పుడూ పొగ, బూడిద వదులుతూనే ఉంది. తెలుగు నేల మీద లోపలి నుంచి పేలుకుంటూ వచ్చినవి కావాలంటే అనంతపురం వెళ్ళి వజ్రకరూరు చూడాలి. వానపడితే జనం వజ్రాలకి వెతికే ఆ పొలాల కింద కింబర్లైట్ గొట్టాలున్నాయి, 100 కోట్ల ఏళ్ళు దాటినవి. ఎప్పుడో చల్లారిపోయాయి.

మీ భద్రాచలం సంగతి లావా కాదు, పగులు. ప్రాణహిత దగ్గర్నుంచి కిందికి గోదావరి లోయ అంతా రెండు పక్కలా భ్రంశాలతో, అంటే నేల చీలి జారిన పగుళ్ళతో, కుంగిన పట్టీ. రెండు గోడల మధ్య నేల దిగిపోయినట్టు అనుకోండి. అలా దిగుతూ, దిగినచోట అడవులూ మట్టీ పేరుకుంటూ వచ్చాయి గనకే సింగరేణి బొగ్గు. అది ముప్పై కోట్ల ఏళ్ళకు దగ్గర మాట. లోయ కుంగడం ఎప్పుడో ఆగింది, కుట్లు మాత్రం మిగిలాయి. మన దేశాన్ని మోసే భూఫలకం ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి వెళ్ళి హిమాలయాల్ని నెడుతోంది. ఆ ఒత్తిడి దేశం నడుం దాకా తెలుస్తుంది. చొక్కా బిగుతైతే ముందు ఊడేది పాత కుట్టే కదా. 1967 మార్చిలో ఒంగోలు వైపు 5.4 వచ్చింది కూడా ఇలాంటి పాత కుట్టు దగ్గరే.

వేడినీళ్ళకి నిప్పు అక్కర్లేదు. కిలోమీటరు లోతుకి వెళ్తే పాతిక, ముప్పై డిగ్రీలు వేడి ఎక్కడైనా పెరుగుతుంది. వాననీరు పగులు పట్టుకుని లోతుకి దిగి, కాగి, తొందరగా పైకి వస్తే వేడిగానే ఉంటుంది. పగిడేరు బోరు అసలు బొగ్గు కోసం వేసింది. ప్లాంటు కూడా 20 కిలోవాట్లది, ఒక చిన్న వీధికి సరిపోతుంది.

సుజాత_ఎమ్మెస్సీ (సోమవారం, రాత్రి 9:30)

ప్రాజెక్టుల మాటకి నాది చిన్న కలుపు. నీళ్ళు నిలిపితే భూకంపాలు రావడం అబద్ధం కాదు. మహారాష్ట్రలో కోయనా డ్యామ్ నిండడం మొదలయ్యాక ప్రకంపనలు పెరిగాయి, 1967 డిసెంబరులో 6.3 వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఆ చిన్న ప్రాంతంలోనే వస్తూ ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళు దాన్ని దశాబ్దాలుగా చూస్తున్నారు. కేంద్ర భూ విజ్ఞాన శాఖ వాళ్ళు ఏకంగా మూడు కిలోమీటర్ల బోరు దింపారు.

ఆ బోరులో నాకు నచ్చిన విషయం: 1250 మీటర్ల దాకా లావా పొరలు, ఒకదాని మీద ఒకటి. ఆ తర్వాత మామూలు గ్రానైటు జాతి రాయి, ఇక అడుగు దాకా అదే. దక్కన్ నడిబొడ్డున కూడా లావా అంటే పైన పరిచిన దుప్పటే. 1993 భూకంపంలో పది వేలమందికి దగ్గరగా పోయిన మహారాష్ట్ర కిల్లారిలో అయితే ఆ దుప్పటి 340 మీటర్లు కూడా లేదు. కదిలింది దుప్పటి కింది పాత రాయి.

ములుగుకి దీన్ని అతికించలేం. కోయనాలో ప్రకంపనలు పైపైన, ఎక్కువ భాగం పది కిలోమీటర్ల లోపు. ములుగుది 40 కిలోమీటర్ల లోతున నమోదైంది. చెరువు నీటి ఒత్తిడి అంత కిందికి వెళ్ళి ఆ పని చేసిందంటే నేను నమ్మను.

భద్రాద్రి_శీను (సోమవారం, రాత్రి 9:41)

థాంక్సండి. గ్రూపులో పెట్టేస్తా. నమ్మరనుకోండి, అది వేరే విషయం.

అనంతగిరి_అన్న (మంగళవారం, ఉదయం 7:05)

మరి డైనోసార్లను సంపింది మన లావానా, ఆకాశంలకెళ్ళి పడ్డ రాయా? గది గూడ తేల్చుర్రి ఇయ్యాల.

సుజాత_ఎమ్మెస్సీ (మంగళవారం, ఉదయం 8:15)

ఈరోజుకి తేలదన్నా 😀 కానీ గోదారి_గట్టు గారు, మీరు వినాల్సిన మాట ఇక్కడే ఉంది.

మెక్సికోలో చిక్షులుబ్ దగ్గర ఉల్క పడింది, దాని బిలం 180 కిలోమీటర్ల వెడల్పు. దాన్నెవరూ కాదనలేరు. అదే కాలంలో దక్కన్ పొంగుతోంది, అదీ కాదనలేరు. ఏది ఎంత చేసిందన్నదే గొడవ. 2019లో ఒకే పత్రికలో రెండు బృందాలు వయసులు కట్టాయి. జిర్కాన్ స్ఫటికాలతో కొలిచినవాళ్ళు, ఉల్క పడడానికి కాస్త ముందే ఒక పెద్ద పొంగు మొదలైందన్నారు. ఆర్గాన్‌తో కొలిచినవాళ్ళు, లావాలో ముప్పాతిక భాగం ఉల్క తర్వాతే వచ్చిందన్నారు. రెండూ మంచి కొలతలే.

ఈ గొడవలో మీ క్వారీకి చోటుంది. పడమటి కనుమల్లో పొరల మధ్య సముద్రపు జీవులు దొరకవు, ఎర్రమట్టే. కాలం చెప్పే సూక్ష్మజీవులు, ఫొరామినిఫెరా అంటాం, సముద్రంలోనే ఉంటాయి. దక్కన్ లావా సముద్రాన్ని తాకింది ఈ గోదావరి ఒడ్డునే. అందుకే అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నుంచి గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం వచ్చి మీ రాజమండ్రి క్వారీల్లో ఆ పూర్ణం పొరను గీకి తీసుకెళ్ళింది. తర్వాత ఓఎన్‌జీసీ బావుల నమూనాలు కూడా చూసింది. ఆ సున్నపురాయిలో వాళ్ళకి దొరికినవి డైనోసార్లు పోయిన ఆ ప్రళయం అయిపోయాక తొలి రోజుల్లో పుట్టుకొచ్చిన జాతులు. అంటే డైనోసార్లు పోయిన గీత కింది లావా పైభాగానికీ, ఆ తెల్ల పట్టీ మొదలుకీ దగ్గర్లోనే ఉంది. లావాయే ప్రధాన దోషి అని ఆవిడ వాదన. నేను సగమే ఒప్పుకుంటాను, ఉల్కని అంత తేలిగ్గా వదలను. కానీ ఆ పట్టీ వయసు మాత్రం గట్టిది.

మడ్‌లాగర్ (మంగళవారం, ఉదయం 9:02)

బావి నమూనాల్లో నేనూ చూశానండి. లావా కింది సున్నపు బురదలో లెన్సు పెడితే రకరకాల గుల్లలు, పెద్దవి, అందమైనవి. లావా దాటి పైకొస్తే చిన్న చిన్నవి, రెండు మూడు రకాలే, ఇసుక గింజల్లో వెతుక్కోవాలి. మొదటిసారి చూసినప్పుడు నమూనా తప్పు పెట్టామేమో అని సంచి మీద నంబరు మళ్ళీ చూసుకున్నాను.

గోదారి_గట్టు (మంగళవారం, రాత్రి 7:50)

అమ్మో, ఇంత కథ ఉందా! ఆ ముక్కని మా ఆవిడ తులసికోట దగ్గర పెట్టింది. ఇప్పుడే దాని మీద నిమ్మకాయ పిండి చూశాను. సన్నగా నురగ వచ్చి, చెవి దగ్గర పెడితే చిటపటమంది. పక్కనే నల్ల కంకర మీద పిండితే ఏమీ లేదు, తడిసి ఊరుకుంది.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. క్రషర్‌కి కావలసింది నల్లరాయి. తెల్ల పట్టీ వాళ్ళకి అడ్డం. పొక్లెయిన్‌తో తీసి పక్కన గుంటలో పోసేస్తున్నారు. "ఇది కొంటారా సార్, రోడ్డు గుంతలు పూడ్చుకోడానికి ఫ్రీగా ఇస్తాం" అన్నాడు మేస్త్రి.

డౌట్ల_దొరబాబు (మంగళవారం, రాత్రి 7:58)

ఫ్రీ అన్నాడా? ఒక టిప్పర్ నాకు. సీరియస్‌గానే అంటున్నా. మా పాప స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉంది.

సుజాత_ఎమ్మెస్సీ (మంగళవారం, రాత్రి 8:10)

టిప్పర్ వద్దు, సంచి చాలు. ఏ క్వారీ, ఏ వైపు గోడ, కింది లావాకి ఎంత ఎత్తులో, ఇది రాసిన చీటీ ముక్కతో పాటు పెట్టండి. చీటీ లేని రాయి రోడ్డు గుంతకే పనికొస్తుంది. వీలుంటే దుద్దుకూరు కూడా వెళ్ళండి. అక్కడ లావాకి కింద ఉండే సున్నపురాయిలో మరమేకు నత్తలు, టరిటెల్లా, దండిగా ఉంటాయి. అవి ప్రళయానికి ముందువి. రెండూ పక్కపక్కన పెడితే పాపకి వేరే చార్టు అక్కర్లేదు.

గోదారి_గట్టు (మంగళవారం, రాత్రి 8:22)

ఈ ఆదివారం వెళ్తున్నానండి. దొరబాబు గారూ, పాపని తీసుకుని కొవ్వూరు బస్టాండుకి వచ్చేయండి.

మడ్‌లాగర్ (మంగళవారం, రాత్రి 8:25)

బ్లాస్టింగ్ టైము ముందే ఫోన్ చేసి కనుక్కోండి. గోడ కింద నిలబడొద్దు, పిల్లకి హెల్మెట్ పెట్టండి. సుత్తి నేను తెస్తాను.